పైకి తెచ్చే గుండీ

ఈ దేశంలో మొట్టమొదటి గేమ్ కంట్రోలర్ చేసింది నేనే. దాంతో మందమర్రిలో ఒక బొగ్గుబాయినే నడిపించాను.

నిన్న మనవరాలి బడిలో పిల్లలు అట్టముక్కలతో తమ వీడియో గేముకు తామే కంట్రోలర్లు చేస్తున్నారు. "ముందుగాల ఎవ్వరి కోసం చేస్తున్నరో చెప్పుండ్రి" అంటోంది టీచరమ్మ. అక్కడి మైదా జిగురు వాసనకు నా చిన్నప్పటి పెట్టె గుర్తొచ్చింది.

అది ఒట్టి అగ్గిపెట్టె. అక్క కాచిన జిగురుతో దాని మీద మా నాన్న, అదే మా బాపు, పాత అంగీ గుండీలు రెండు అంటించాను. ఒకటి కిందికి, ఒకటి పైకి. మా క్వార్టర్ అరుగు మీది నుంచి బాయి పైనున్న పెద్ద చక్రం కనిపించేది. బాపును దింపేదీ, పైకి తెచ్చేదీ అదే. నేను నొక్కితే తిరిగేది.

సరే, కొంచెం కోతలు కోశాను. సైరన్ మోగాకే నొక్కేవాణ్ణి. "సైరన్ గూసినంక ఒత్తుడేంది రా?" అని అక్క పగలబడి నవ్వేది.

ఒకరోజు చక్రం తిరిగింది, అందరూ పైకొచ్చారు. లోపల కప్పు కూలి బాపు ఒక్కడే రాలేదు. పైకి తెచ్చే గుండీని ఊడిపోయేదాకా నొక్కాను.

రాత్రి భోజనాల దగ్గర ఆ గుండీ వల్లేనంటూ నా బొటనవేలి మీది మచ్చ చూపిస్తూ మనవరాలికి ఇదే చెబుతుంటే, పక్కనే ఉన్న అక్క తల ఎత్తకుండా అంది:

"ఊకో రా. గా దినం నువ్వు ఏడ్చేడ్చి నా ఒళ్లె పండుకున్నవ్. గుండీ ఊడేదాంక ఒత్తింది నేను."