మా ఆవిడ నిలబడ్డ ఎన్నికలు

మా ఆవిడ దువ్వాడలో ఓ ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్. మా బంధువులంతా గోదావరి వైపు వాళ్లు. ఆమె కౌన్సెలర్ అని చెబితే వాళ్లు మున్సిపాలిటీ కౌన్సిలర్ అనుకున్నారు. ఓ పెళ్లిలో మా బాబాయి ఆమెను పక్కకు పిలిచి, వాళ్ల వీధిలో కాలవ బాగు చేయించమని కూడా అడిగాడు. అందుకని ఆమె ఎమ్మెల్యేగా పోటీ చేస్తోందని తెలిసినప్పుడు అటువైపు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది నేనొక్కణ్నే.

అప్పుడు నేను స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాణ్ని. మధ్యాహ్నం షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటుంటే చెప్పింది. శనివారాలు తను ఊరికే సర్కారు బళ్లకు వెళ్లి పిల్లలతో మాట్లాడి వచ్చేది. చదువులో వెనకబడ్డవాళ్లు, ఇంట్లో తాగొచ్చి కొట్టే నాన్నలున్నవాళ్లు, ఎవరికీ ఏమీ చెప్పనివాళ్లు. వాళ్ల కోసం ప్రతి బడిలోనూ ఒక కౌన్సెలర్ని పెట్టమని తను తిరగని ఆఫీసు లేదు. ఎక్కడికెళ్లినా, మా చేతిలో లేదమ్మా, పైన అడగాలి అన్నారట.

"అంతా పైనే ఉందంట. అయితే నానే పైకెళ్తాను" అంది.

తను సముద్రం ఒడ్డు పిల్ల. వాళ్ల నాన్న పడవ మీద వేటకెళ్లి చేపలు తెచ్చి, ఆ చేపలతోనే ఆమెను యూనివర్సిటీ దాకా చదివించాడు. స్కూల్లో పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. ఇంట్లో, అందులోనూ నిర్ణయం తీసేసుకున్నాక, వాళ్ల ఊరి మాటే వస్తుంది. ఆ రోజు 'నాను' అందంటే ఇక వాదించి లాభం లేదని నాకు అర్థమైంది.

స్వతంత్ర అభ్యర్థులకు పార్టీలకు పోగా మిగిలిన గుర్తుల్లోంచి ఒకటి ఇస్తారు. తనకు కాలింగ్ బెల్ వచ్చింది. బెల్ ఉన్న ఇంటికి వెళితే నొక్కి, "ఇదేనండీ నా గుర్తు" అనేది. బెల్ లేని ఇంటికి వెళితే తలుపు తట్టి, "ఉంటే నొక్కేదాన్ని" అనేది. అంతవరకూ బాగానే ఉండేది. చిక్కల్లా ఆ తర్వాతే. ఓట్లకొచ్చినవాళ్లు "బాగున్నారా" అని దండం పెట్టి పక్కింటికి వెళ్లిపోతారు. ఈవిడ జవాబు కోసం ఆగేది. జవాబు చెప్పేవాళ్లు కూర్చోమనేవారు. ఈవిడ కూర్చునేది.

మా సెక్షన్లో పనిచేసే ఒకతను తన తమ్ముడి ఆటోకి మైకు కట్టించి మా వెంట తిరిగాడు. ఆటోలో కూర్చుని కూర్చుని విసుగొచ్చి నాతో అన్నాడు: "బావా, మేడమ్ గారు ఇంటింటికీ ఇలా కూకుండిపోతే ఈ ఈది సివరికెల్లేసరికి ఎలక్షన్లైపోతాయి."

మా ఆవిడ సొంత ఊళ్లో కూడా మీటింగు పెట్టాం. అక్కడ తను కాగితం చూసి, విద్యావ్యవస్థ, మానసిక వికాసం అంటూ మొదలుపెట్టింది. ఇసుకలో కూర్చున్న ఆడవాళ్లు మర్యాదగా వింటున్నారు. వాళ్ల మేనత్త మాత్రం లేచి నిలబడింది.

"ఏటే, ఎవుర్తో మాటాడతన్నావ్? రేడియో ఇన్నట్టుంది. మాతో మాటాడు."

అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. కాగితం మడిచి నా చేతికిచ్చింది.

"అత్తా, బళ్లో పిల్లకి ఏడుపొత్తే ఎవురికి సెప్పుకుంటాది?"

"నీకు సెప్పుకుంటాది."

"నాను ఒక్క బళ్లోనే గదా ఉన్నాను. మిగతా బళ్ల పిల్లలో?"

మేనత్త "అది నిజివే" అని కూర్చుంది. ఆ ఊరి ఓట్లు మాకు పడ్డాయి. మిగతా చోట్ల పడలేదు. డిపాజిట్ దక్కలేదు.

ఫలితాలొచ్చాక సోమవారం తను ఎప్పటిలాగే స్కూలుకెళ్లింది. సాయంత్రం వచ్చి నవ్వుతూ చెప్పింది, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె గదిలోకొచ్చి, "మిస్, మీరూ ఫెయిలేనా?" అని అడిగిందట.

"ఫెయిలే."

"మీ అమ్మకి చెప్పారా?"

"చెప్పాను."

"తిట్టిందా?"

"లేదు. చేపల పులుసు పెట్టింది."

ఆ పిల్ల అప్పటిదాకా ఇంట్లో చూపించకుండా దాచిన తన మార్కుల సంగతి ఎత్తిందట. అంతకుమించి తను నాకు చెప్పలేదు. పిల్లలు చెప్పినవి తను ఎప్పుడూ నాతో అనదు.

ఐదేళ్లకు మళ్లీ ఎన్నికలొస్తే మళ్లీ నిలబడింది. ఈసారి ఏర్పాట్లన్నీ నేనే చూసుకున్నాను. మా కాలనీ జంక్షన్లో సాయంత్రం సభ. కుర్చీలు వేయించాను, ప్లాంటు స్నేహితులందర్నీ రప్పించాను. జనం వచ్చారు, అభ్యర్థి రాలేదు. ఫోను ఎత్తదు. స్కూటరు మీద వెతుక్కుంటూ వెళితే రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఓ ఇంటి ముందు తన చెప్పులు కనిపించాయి.

లోపల మూసిన గది తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. ఇంటర్ తప్పిన ఆ ఇంటి అమ్మాయి పొద్దుట్నుంచీ గడియ తీయలేదట. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కోపంగా వాచీ చూపించాను. మా ఆవిడ కూర్చోమని చేత్తో సైగ చేసింది. నేనూ కూర్చున్నాను.

తను చదువు గురించి ఒక్క మాట అనలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పడవెక్కి వాంతులు చేసుకున్న సంగతి తలుపుకు చెబుతోంది. అవతల నుంచి చాలాసేపటికి ఓ చిన్న గొంతు, "మళ్లీ ఎక్కారా?" అంది.

"ఎక్కలేదమ్మా. నాకు ఇప్పటికీ భయమే."

ఇంకాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఆ పిల్ల మొహం చూసి వాళ్లమ్మ ఏమీ అడగకుండా కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. మేం జంక్షన్‌కి చేరేసరికి మావాళ్లు కుర్చీలు వ్యానుకెక్కిస్తున్నారు. ఆ కుటుంబమైనా మాకు ఓటేసిందా అంటే, వాళ్లు అద్దెకున్నవాళ్లు, ఓట్లు అనకాపల్లిలో ఉన్నాయి.

మూడోసారికి నేను రిటైరయ్యాను. ఓ పెద్ద పార్టీ అభ్యర్థి మమ్మల్ని ఇంటికి పిలిపించి, ఓట్లు చీలతాయని పోటీ నుంచి తప్పుకోమన్నాడు.

"మీకేటి కావాలో సెప్పండి మేడమ్."

"ప్రతి బడికీ ఒక కౌన్సెలర్. మీరు మాటిస్తే సంతోషం. నేను మాత్రం తప్పుకోను."

ఆయన నవ్వి పంపించేశాడు. మర్నాడు సభలో, "మేం గెలిస్తే ప్రతి బడిలో కౌన్సెలింగ్" అని చెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మన మాట ఎత్తుకుపోయాడని నేను అరుస్తుంటే తను దోసె తిరగేస్తూ, "పోన్లెండి, ఆ మైకు మన మైకు కన్నా పెద్దది" అంది.

ఆయనా ఓడిపోయాడు. మేమూ ఓడిపోయాం, ఎప్పటిలాగే.

కొన్ని వారాలకు ఓ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చాడు. కారు లేదు, వెనక మనుషులు లేరు. మనిషి సగమయ్యాడు. టీ తాగుతూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. మా ఆవిడ ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు తెలుసు కాబట్టి నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. అయినా మాటలు వినిపించాయి.

"మేడమ్, మీరు మూడు తడవలు ఓడిపోయారు గదా. ఆ తెల్లారి ఏటి సేసేవోరు?"

"స్కూలుకెళ్లేదాన్ని."

"నాకు స్కూలు లేదు గదా మేడమ్."

ఆ గొంతు విని నాకు ఆయన మీద ఉన్న కోపం పోయింది. తను ఆయన్ని ఓదార్చలేదు, సలహా ఇవ్వలేదు. పొద్దున్నే ఎన్నింటికి మెలకువొస్తోంది, అన్నం తింటున్నారా అని అడిగింది. ఆయన చెప్పాడు. ఎంతోసేపు చెప్పాడు.

అప్పట్నుంచి అప్పుడప్పుడూ వస్తుంటాడు. ఆఫీసుల్లో ఆయనకు పరిచయాలెక్కువ. మా ఆవిడను వెంటబెట్టుకుని తిరిగాడు. కౌన్సెలర్ పోస్టులు రాలేదు గానీ, ఒక సర్కారు బళ్లో విరిగిన బెంచీలు వేసే గది ఖాళీ చేయించి తనకిచ్చారు. శనివారాలు అక్కడ కూర్చుంటుంది. నేను ఫ్యాను బిగించి వచ్చాను.

మొన్న వచ్చినప్పుడు ఆయన వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఈసారి నాకు మళ్లీ టికెట్టిత్తారేమో. మీరు నా మీద నిలబడరు గదా మేడమ్?"

"నిలబడతాను. నానెందుకు మానెత్తానండీ?" అంది మా ఆవిడ.

ఆయన మళ్లీ లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, ఇంకో టీ అడిగాడు.