ఇగ్నాతిస్ మేస్త్రీ నాలుక

మా పట్నం చరిత్ర రాయడానికి ఎవరైనా కూర్చుంటే మూడు తేదీలు వదిలిపెట్టడానికి వీల్లేదు. మొదటిది, తుర్కీ సుల్తానుగారి సైనికులు మా లెస్బోస్ ద్వీపాన్ని గ్రీసుకు వదిలి పడవలెక్కిన రోజు. రెండోది, వ్రానిస్ వారి సబ్బు కార్ఖానా పొగగొట్టం మీద పిడుగు పడి, గొట్టానికేమీ కాక, పిడుగే పరువు పోగొట్టుకుని వెళ్లిన రోజు. మూడోది, 1931 నవంబరులో ఒక మంగళవారం, ఇగ్నాతిస్ అనే ఇరవై రెండేళ్ల తెడ్డు కూలీ కాగులోంచి తీసిన సబ్బును నాలుక కొసతో తాకిన రోజు. మొదటి రెండింటికీ చర్చి పుస్తకంలో దాఖలా ఉంది. మూడోదానికి ఆ నాలుకే దాఖలా.

ఆ రోజు పాత మేస్త్రీ జ్వరంతో పడుకున్నాడు. కాగులో రెండు టన్నుల ఆలివ్ పిప్పి నూనె, కాస్టిక్ సోడా నాలుగు రోజులుగా కుతకుతలాడుతున్నాయి. అది సబ్బయిందో లేదో చెప్పేవాడు లేడు. ఇగ్నాతిస్ కత్తి మొనతో కాస్త తీసి, పాలరాతి పలక మీద ఆరనిచ్చి, నాలుక తగిలించి, దూలాల వంక చూసి, "ఊరుకుంది" అన్నాడు. నిజంగానే ఊరుకుంది. పాత మేస్త్రీ జ్వరం తగ్గాక వచ్చి చూస్తే తన కుర్చీలో ఇంకొకడున్నాడు.

అప్పట్నుంచి ఆ నాలుకకు మూడే తీర్పులు. "కరిచింది" అంటే సోడా ఎక్కువైందని. "జిడ్డుగా ఉంది" అంటే నూనె మిగిలిపోయిందని. "ఊరుకుంది" అంటే మంట తీసెయ్యమని. తీర్పు వెలువడే వేళకు పంతొమ్మిది మంది పనివాళ్లూ తెడ్లు దించి నిలబడేవారు. చర్చిలో కూడా అంత నిశ్శబ్దం ఉండేది కాదు. అక్కడ దగ్గేవాళ్లుంటారు.

కాఫీ కొట్టులో బడి మాస్టారు ఒకసారి ఈ వ్యవహారానికి శాస్త్రం చెప్పాడు. "చూడు ఇగ్నాతిస్, నూనె అణువంటే గ్లిసరిన్ అనే దండెం, దానికి వేలాడే మూడు తోకలు. సోడా వచ్చి తోకల్ని తెంపుతుంది. తెగిన తోక సోడాతో జతకడితే సబ్బు. తెగకుండా మిగిలితే జిడ్డు. జత దొరకని సోడా మిగిలితే మంట."

"ఇదంతా నా నాలుకకు ఎప్పుడో తెలుసు మాస్టారూ. పైకి చెప్పలేదంతే," అన్నాడు ఇగ్నాతిస్.

జత దొరకని సోడా ఎక్కడికి పోతుందో మాత్రం మాస్టారు చెప్పలేదు. కొంత నాలుక మీదికే పోతుంది. ఇరవై తొమ్మిదేళ్లు పోయింది.

1960 చలికాలంలో ఒకనాడు భార్య మిర్సీని చిక్కుళ్ల పులుసు ముందు పెడితే, ఆయన రెండు చెంచాలు తాగి, "ఇవాళ ఉప్పెయ్యడం మర్చిపోయావా?" అన్నాడు.

"వేశాను. నోట్లో నాలుకుంటే తెలుస్తుంది."

ఆయన లేచి ఉప్పు డబ్బాలో వేలు ముంచి నాకాడు. ఇసుకలా తగిలింది. నిమ్మకాయ కొరికాడు. నీళ్లు కారాయి, అంతే. మర్నాడు కార్ఖానాలో పొద్దున పోసిన పచ్చి సోడా ముద్దను, ఏ మనిషినైనా గెంతులేయించేదాన్ని, నాలుక మీద పెట్టుకుని పది లెక్కపెట్టాడు. పదకొండు కూడా లెక్కపెట్టగలిగేవాడు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "మిర్సీనీ, నా నాలుక చచ్చిపోయింది."

"మాట్లాడుతూనే ఉందిగా."

"వేళాకోళం కాదే."

ఆమె ఆయన మొహం చూసి చేతిలో గిన్నె కింద పెట్టింది. అప్పటికే పిరేయస్ రేవు నుంచి వచ్చే పడవల్లో రంగు డబ్బాల బట్టల పొడి దిగుతోంది. కార్ఖానాలో పంతొమ్మిది మంది పనివాళ్లకు ఏడుగురే మిగిలారు. ఆ ఏడుగురినీ చేతుల కోసం ఉంచారు, ఇగ్నాతిస్‌ను నాలుక కోసం. అది పోతే ఆయన తెడ్డు ఎత్తలేని యాభై ఒక్కేళ్ల మనిషి. అదొక్కటే కాదు. ఒక్క తప్పు తీర్పుతో ద్వీపంలో వెయ్యి మంది ఆడవాళ్ల చేతుల తోలు ఊడుతుంది. రేపు మధ్యాహ్నం కాగు తీర్పు చెప్పాలి.

మిర్సీని తన నోటి మీద వేలు పెట్టి, "నాకొకటుందిగా," అంది.

ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని కార్ఖానాకు రావడం మొదలుపెట్టింది. పొయ్యిలోకి వాడే ఆలివ్ గింజల గుట్ట వెనక ఆయన భోజనానికి కూర్చునేవాడు. రొట్టె కోసే నెపంతో కత్తి అందించేవాడు. కత్తి మీద సబ్బు ఉండేది. ఆమె నాకి, డబ్బా మూత తీస్తూ అందరికీ వినపడేలా తన వంట గురించి ఒక మాట అనేది. "ఇవాళ ఉప్పెక్కువైందయ్యా" అంటే సోడా ఎక్కువ. "ఉప్పు చాల్లేదు" అంటే జిడ్డు. "తిను" అంటే మంట తీసెయ్యొచ్చు. ఆయన తిని, మూతి తుడుచుకుని, కాగు దగ్గరికెళ్లి, నాలుక తగిలించి, దూలాల వంక చూసి, ఆమె చెప్పింది చెప్పేవాడు. మన దేశంలో మంత్రిమండళ్లు కూడా చాలా వరకు ఇలాగే నడుస్తాయి.

అప్పుడప్పుడు వ్రానిస్ దొరగారు తీర్పు అయ్యాక కూడా, "ఇంకో పూట ఉడికించండి" అని గుమస్తా చేత కబురు పెట్టేవాడు. దొరలకు తోచుబాటు కాక అలా అంటారని అందరూ సరిపెట్టుకునేవారు.

చిక్కంతా ఉప్పు దగ్గర వచ్చింది. మిర్సీని ఆ వీధికి పెద్ద వంటమనిషి. పెళ్లికైనా చావుకైనా గరిట ఆమె చేతికే ఇచ్చేవారు. అలాంటి మనిషి వారానికి మూడుసార్లు నలుగురిలో నిలబడి తన వంట చెడిందని చాటుకుంటే లోకం నమ్మకుండా ఉంటుందా?

"మేస్త్రీ, పెళ్లై ముప్పయ్యేళ్లయినా మీ ఆవిడకు ఉప్పు పాళ్లు తెలియలేదేంటి?" అని అరిచేవాడు పానాయిస్ అనే పొయ్యివాడు.

"నీకు పెళ్లైతే తెలుస్తుంది లేరా," అనేవాడు ఇగ్నాతిస్. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వొక్కటే ఆయన బతుకులో చేసిన దొంగతనం.

రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్లు ఆమెకు "ఉప్పావిడ" అని పేరు పెట్టారు. పొరుగింటి తసూల కూతురి నిశ్చితార్థానికి వంట వేరేవాళ్లకు చెప్పి, మొహమాటానికి, "నీకు శ్రమెందుకని మిర్సీనక్కా" అంది. "శ్రమేముందే" అని ఈమె లోపలికొచ్చి ఉల్లిపాయలు తరిగింది. వాటివల్ల కన్నీళ్లు ఎవరికీ లెక్కలోకి రావు.

మొదటి ఏడాది ఆమె నోటి పూతకు పాలు పుక్కిలించేది. మూడో ఏడాది పుక్కిలించడం మానేసింది. తగ్గిపోయిందనుకున్నాడు ఇగ్నాతిస్.

వాళ్లకొక కూతురుండేది, అంథీ. జర్మన్ సైన్యం దిగిన మొదటి చలికాలంలో, ద్వీపంలో గింజ దొరకని రోజుల్లో, నాలుగేళ్ల వయసులో పోయింది. ఏటా ఉపవాసాల ముందొచ్చే పితరుల శనివారానికి మిర్సీని ఆ పిల్ల పేర కోలివా చేసేది. గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలు, బాదం, ఎండుద్రాక్ష కలిపి, పైన మెత్తని పంచదార మందంగా పరిచి, వెండి గోళీలతో పేరు రాసి చర్చికి తీసుకెళ్లేది. తిండి లేక పోయిన పిల్లకు ఏడాదికొక పళ్లెం. ఎవరూ పెళ్లి వంటకు పిలవకపోయినా, ఆ పళ్లెం చేసే హక్కును ఆమె చేతిలోంచి లాక్కునేవాళ్లు లేరు.

1965లో ఆ శనివారం, ప్రార్థన అయ్యాక, ఫాదర్ ఫోటిస్ రివాజు ప్రకారం మొదటి చెంచా నోట్లో వేసుకున్నాడు. ముప్పయ్యేళ్లుగా రకరకాల కోలివాలు తిన్న మనిషి. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మింగాడు. చెంచా కింద పెట్టి జేబురుమాలు వెతుక్కున్నాడు.

తసూల ఒక చెంచా తీసుకుని వెంటనే పిడికిట్లోకి ఊసేసింది. "మిర్సీనక్కా! దీని నిండా ఉప్పే!"

"ఉప్పేంటే?" మిర్సీని తనే ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంది. నింపాదిగా నమిలింది. ఇంకాస్త తీసుకుంది. చుట్టూ చూసి, "బాగానే ఉందిగా," అంది. భర్త వైపు తిరిగి, "నువ్వు చెప్పవయ్యా, బాగా లేదూ?" అని అడిగింది.

ఇగ్నాతిస్ ఒక చెంచా తిన్నాడు. రెండోది తిన్నాడు. ఊరంతా చూస్తుండగా ఆ ఇద్దరూ ఉప్పు కోలివా పళ్లేన్ని సగం దాకా తిన్నారు. "ఊరుకుంది," అనబోయి ఆయన ఆగిపోయాడు. అప్పటికి ఆయనకు అర్థమైంది.

ఇంటికెళ్లే దారిలో అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"ద్రాక్ష కోతలప్పట్నుంచి."

"మరి ఈ అయిదు నెలలూ ఏం చెప్పావే?"

"నీ మొహం చూసి చెప్పా. అలిసిపోయి ఉంటే 'తిను' అన్నా."

"నాతో అనొచ్చుగా!"

"అంటే ఏం చేస్తావు? నీది పోతే ఇవ్వడానికి నేనున్నా. నాది పోతే ఎవరున్నారు?"

ఇంటికెళ్లాక ఆమె పళ్లెంలో మిగిలింది కోళ్లకు పోసింది. అవి ముట్టలేదు. "ఆ పిల్లకి ఉప్పు పెట్టానయ్యా," అని ఒక్కసారి అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారమంతా ఇగ్నాతిస్ వేళ్ల మీద కాగులు లెక్కపెట్టాడు. ఏడు. పద్నాలుగు టన్నుల సబ్బు ఎవరి నాలుకా తగలకుండా లోకంలోకి పోయింది. ఇంక ఆమెను ఆ గుట్ట వెనక నిలబెట్టకూడదనుకున్నాడు. సోమవారం పొద్దున్నే గడ్డం గీసుకుని, పెళ్లినాటి కోటు తొడుక్కుని, ఉరికంబం ఎక్కేవాడి గాంభీర్యంతో దొరగారి గదికి వెళ్లాడు. నిలబడే అంతా చెప్పాడు. నిమ్మకాయ సంగతి, కత్తి సంగతి, ఉప్పు సంగతి, ఏడు కాగుల సంగతి.

వ్రానిస్ దొరగారు అడ్డురాకుండా విన్నాడు. తర్వాత బల్ల సొరుగు లాగి చిన్న సీసా ఒకటి తీశాడు. కిటికీలో ఉన్న సబ్బు ముక్కను కోసి, కోసిన చోట రెండు చుక్కలు వేశాడు. ఏమీ కాలేదు. "ఇది మంచిది," అన్నాడు. "సోడా మిగిలితే గులాబీ రంగు తిరుగుతుంది. పిరేయస్ వ్యాపారులు ఇది లేకపోతే సరుకు దించుకోరు. మన గుమస్తా వేస్తాడు."

"ఎప్పట్నుంచయ్యా?"

"యాభై ఏడు నుంచి."

ఇగ్నాతిస్ కాసేపు ఆ సీసాను చూశాడు. "అప్పటికి నా నాలుక బాగానే ఉంది."

"ఉంది మరి."

"ఇంకో పూట ఉడికించమని కబురు పెట్టేది..."

"గులాబీ వచ్చినప్పుడు."

"అయితే నన్నెందుకు ఉంచారు?"

దొరగారు సీసాకు బిరడా బిగించాడు. "నాన్నగారి కాలం మనిషివి. పనివాళ్లు కూడా నువ్వు నాలుక పెడితే గాని తెడ్డు దించరు. పెడుతూ ఉండు, తప్పేముంది? మీ ఆవిణ్ని మాత్రం రావద్దను, పాపం."

ఆ మాట చెబుదామనే ఆయన బయటికొచ్చాడు. ఆమె అప్పటికే గేటు దగ్గర డబ్బాతో నిలబడి ఉంది. పొద్దున పెళ్లినాటి కోటు చూసినప్పుడే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"ఏమన్నాడు? అక్కర్లేదన్నాడా? నాలుగేళ్లూ మనం చేసింది..."

ఇగ్నాతిస్ ఆమె నోటి వైపు చూశాడు. పెదవుల చివర పాత మచ్చలు తెల్లగా ఉన్నాయి.

"కావాలన్నాడే," అన్నాడు. "మనం లేకపోతే కార్ఖానా లేదన్నాడు."

మిర్సీని ఊపిరి వదిలి, తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుని, గింజల గుట్ట వెనక్కి నడిచింది. ఆయన జేబులోంచి మూడేళ్లు ఎండిన పాత సబ్బు ముక్క ఒకటి తీసి కత్తి మీద పెట్టి అందించాడు. ఆమె దాన్ని నాలుకకు తగిలించి, కళ్లు మూసుకుని, శ్రద్ధగా ఆలోచించింది.

"తిను," అంది.

ఆయన తిన్నాడు. మూతి తుడుచుకుని కాగు దగ్గరికెళ్లాడు. ఏడుగురూ తెడ్లు దించారు. నాలుక తగిలించి, దూలాల వంక చూసి, "ఊరుకుంది," అన్నాడు.

ఆఫీసు గదిలో గుమస్తా రెండు చుక్కలు వేశాడు. గులాబీ రంగు తిరిగింది. రెండున్నరకు కాగు కింద మళ్లీ మంట పెట్టారు.