కొత్తవాళ్ళ వాటా

ఓమన చేతులు అప్పటికే పనిలో ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు వాక్యాలు వరసగా కిందికి జారుతుంటే పొట్టివీ, చిక్కులేనివీ చూసి పక్కకు తీస్తోంది. ‘చంద్రుణ్ణి చూపించు.’ ‘తూర్పుకు తిరుగు.’ ‘మబ్బులు దాచు.’ తీసిన ప్రతిదాని పక్కనా ఒక ఆకుపచ్చ చుక్క పెడుతుంది. చుక్క ఉన్న వాక్యాన్ని మాలో పాతవాళ్ళెవరూ ముట్టుకోరు. అది కొత్తగా వచ్చేవాళ్ళ వాటా.

పయ్యన్నూరులో గ్రంథాలయం మేడ మీద ఆదివారం మధ్యాహ్నాలు మేము కూడతాం. ఎవరైనా ఉచితంగా వాడుకుని, కావలసినట్టు మార్చుకోగల సాఫ్ట్‌వేర్లను మలయాళంలోకి తెస్తాం. జీతాలు లేవు. పాలు లేని టీ, అరటిపండు బజ్జీలు ఉంటాయి. ఓమన మిగతా రోజుల్లో బస్టాండు దగ్గర తన షాపులో పెళ్ళిపత్రికలు టైపు చేస్తుంది. ఆమెకంటే వేగంగా అనువదించేవాళ్ళు మాలో ఉన్నారు. కానీ మెట్ల మీద కొత్త చెప్పుల చప్పుడు వినగానే కుర్చీ లాగి వేసేది ఆమే. పక్కనే కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటుంది. వచ్చినవాళ్ళు ఒక్క అక్షరం కోసం కీబోర్డంతా వెతుకుతున్నా ఆ చేతులు పైకి లేవవు. నాకు తెలిసి అంతకంటే కష్టమైన పనితనం లేదు.

ఆ మిథున మాసంలో మా చేతిలో ఉన్నది ఆకాశాన్ని చూపే ప్రోగ్రాం. బయట ఎడతెగని వాన. అసలు ఆకాశం చూసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. లైట్లు ఆర్పుకుని కూర్చుంటే తెరల్లోని నీలివెలుగు దూలాల మీదికి పాకేది. పెంకుల మీద నీళ్ళ హోరులో గది కట్టు విప్పిన పడవలా మెల్లగా ఎటో సాగిపోతున్నట్టుండేది. మాటలు కూడా వాటంతటవే తగ్గిపోయేవి.

అలాంటి మధ్యాహ్నమే హఫ్సత్ మొదటిసారి వచ్చింది. బడిలో పిల్లలకు అన్నం వండే మనిషి. ఈ ప్రోగ్రాం తమ బడి కంప్యూటర్లలో పెడతారని విని వచ్చింది. “పిల్లలు తెరిచేదాంట్లో నా చేతిది ఒక్క మాటైనా ఉండాలి చేచీ,” అని ఓమనను అక్కగా పిలిచి చెప్పింది. ఆ రోజంతా అక్షరాలు ఎక్కడున్నాయో నేర్చుకోవడంతోనే సరిపోయింది. మరుసటి ఆదివారం వచ్చి రాస్తానంది.

ఆ ఆదివారం చీకటి పడేలోగా పనంతా ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళకు పంపాలి. దాటిందంటే మళ్ళీ ఏడాదికే.

మాకందరికీ పెద్దన్న లాంటివాడు భార్గవేట్టన్; ఏట్టన్ అంటే మా వైపు అన్న. కరెంటు స్తంభాలెక్కి రిటైరైన మనిషి. ఎక్కడ ఖాళీ కనిపించినా చెయ్యి ఊరుకోదు. ఆ పొద్దున ముందుగా వచ్చి, చుక్కలున్నవన్నీ ఇంకా ఖాళీగానే ఉండటం చూసి కంగారుపడ్డాడు. గడువు దగ్గరపడిందని అన్నీ తానే పూర్తిచేసేశాడు. చక్కగానే చేశాడు.

హఫ్సత్ తడిసిన గొడుగుతో వచ్చి తెరలోకి తొంగిచూసింది. ఒక్క ఖాళీ లేదు. నీకు శ్రమ లేకుండా చేశానమ్మాయ్ అన్నాడు భార్గవేట్టన్, సంబరంగా. ఆమె నవ్వబోయింది. మంచిదే, ఇంట్లో పనుంది, వెళ్తానంది.

ఓమన కుర్చీ లాగి వేసింది. “కూర్చో హఫ్సత్. ఈయనతో చిన్న మాటుంది.” ఆయన వైపు తిరిగింది. “భార్గవేట్టా, చుక్క పెట్టినవి వెనక్కి తీసుకోండి.”

మాలో ఒకరు రాసింది ఇంకొకరు చెరపరు. రాసినవాళ్ళే తీసుకోవాలి.

“తప్పులున్నాయా?”

“లేవు. బాగున్నాయి.”

“బాగున్నవాటిని తీసెయ్యమంటావా? ఈ వానలో కరెంటు పోతే? ఆకాశం సగం ఇంగ్లీషులో పోతుంది. పిల్లలు నవ్వేది మనందర్నీ చూసి.”

“పోతే పోవచ్చు. ఈమె దిగి వెళ్ళిపోతే వచ్చే ఏడాది ఎవరు చేస్తారు? మీరేనా? అప్పటికి మిమ్మల్ని ఈ మేడెక్కించడానికే నలుగురు కావాలి.”

ఎవరో కిసుక్కుమన్నారు. భార్గవేట్టన్ నవ్వలేదు. తెర మీదికి వంగాడు. తర్వాత తీగలు పట్టి కాయలు కాసిన వేళ్ళతో ఒక్కొక్కటే తీసుకున్నాడు. తీసిన ప్రతి చోటా తెల్లటి ఖాళీ, మంచులో తెరిచిన కిటికీలా.

హఫ్సత్ మొదలుపెట్టింది. ఒక అక్షరం, తర్వాత వెతుకులాట, ఇంకో అక్షరం. తెరలు ఓసారి రెపరెపలాడాయి. ఆరిపోలేదు. చంద్రుడి మాట పూర్తయి తన చోట కూర్చుంది. తర్వాత తూర్పు. తర్వాత మబ్బులు. ఒకచోట ఆగిపోతే భార్గవేట్టన్ వంగబోయాడు. ఓమన కళ్ళెత్తి చూసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ మీట ఎక్కడుందో హఫ్సతే కనుక్కుంది. టీలు చల్లారాయి. ఎవరూ తాగలేదు.

కిటికీ మసకబారుతోంది. ఇంకా కొన్ని వాక్యాలు మిగిలే ఉన్నాయి. హఫ్సత్ కిటికీనీ, తెరనూ మార్చి మార్చి చూసి, వెనక్కి తిరిగింది.

“ఏట్టా, మిగతావి మీరు చెయ్యండి. నేను చదివి చూస్తా.”

“నువ్వు చూస్తావా? నాది?”

“ఆ. పిల్లలకు అర్థం కాదనిపిస్తే ఊరుకోను.”

భార్గవేట్టన్ గొంతు సవరించుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన రాస్తుంటే ఆమె పెదవులు కదుపుతూ ఒక్కోటీ చదివింది. ఒకదాని దగ్గర ఆగమంది. ఇంత బరువైన మాట చిన్నవాళ్ళ నోట పలకదంది. ఆయన గొణుక్కుంటూనే మార్చాడు.

ఆఖరి ఖాళీ నిండింది. ఓమన మొదటి నుంచి చివరిదాకా ఒకసారి సరిచూసి, చేసినవాళ్ళ పేర్లలో హఫ్సత్ పేరు కలిపి, పంపింది. వాన చప్పుడులో కాసేపు ఎదురుచూశాం. అవతలి నుంచి జవాబొచ్చింది: అందింది.