ఐసునీళ్ళలో ముందు చెయ్యి పెట్టమన్న సలోమక్క

మీ కింద పనిచేసే మనిషి చేతిని మీరు ఎప్పుడైనా పట్టుకుని చూశారా?

సలోమక్క చూసింది. రోజూ చూసింది.

నిన్న పొద్దున మైపాడు బస్సులో ఉండగా ఆమె కింద పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, అక్క పొయ్యిందన్నా. గుండె ఆగిపొయ్యింది."

"ఏ అక్క?" అన్నాను. తెలిసే అడిగాను. ఇంకో పేరు చెబుతుందేమోనని.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. ఆమె మా వైపు ఒక రొయ్యల కంపెనీలో ఒలుపు హాలుకి సూపర్వైజర్. అక్కడ ఆడవాళ్ళు ఐసునీళ్ళలో చేతులు పెట్టి, నిలబడి రొయ్యలు ఒలుస్తారు. గంట గడిస్తే వేళ్ళు వాళ్ళవి కావు.

పోయినేడు చాలామంది పని మానేశారు. మేనేజర్ గారు నన్ను పిలిపించారు. "బ్రదర్, స్టాఫ్‌కి మొరేల్ పడిపోయింది, ఉత్సాహమే లేదు. మంచి వాక్యం చెప్పి లేపండి."

నేను దర్జీని. ఆదివారాలు సంఘంలో వాక్యం చెబుతుంటాను, అంతే. బైబిలు కాలేజీ మెట్టెక్కలేదు. పిలిచారు కదా అని ఉబ్బిపోయాను. చెరసాలలో సంకెళ్ళతో కీర్తనలు పాడిన భక్తుల గురించి గంటసేపు గర్జించాను. ఓర్చుకోండి అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

అక్క అనలేదు.

"వాక్యం బాగుండాదన్నా. నీ చేతులు మాత్రం వెచ్చగా ఉండాయి. ఆ భక్తులకి సంకెళ్ళు ఏసిందెవరో గూడా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది."

ఒలిచే తొట్టి చూపించింది. "పెట్టు. ఆనక ఇంకో వాక్యం చెప్పు."

నాలుగు నిమిషాలకే చేతులు లాగేసుకున్నాను.

"ఏంది బ్రదరూ, కీర్తన రాలేదా?" అని ఎవరో అనగానే హాలంతా నవ్వు.

నా చేతులు తుడుచుకోనివ్వకుండానే అక్క నన్ను మేనేజర్ గదికి తీసుకుపోయింది. చేతులు కాచుకునేందుకు వేడినీళ్ళు, కాస్త విరామం అడిగింది. ఆయన రోజుకి ఇన్ని కిలోలు ఒలవాలని టార్గెట్ అన్నారు. "సార్, ముందు మీ చెయ్యి గూడా ఆ తొట్లో పెట్టండి. ఆ తర్వాత టార్గెట్ మాట్లాడదాం" అంది.

న్యాయంగా చెప్పాలి. ఆయన వచ్చి పెట్టారు.

మర్నాడు హాల్లోకి వేడినీళ్ళ తొట్టి వచ్చింది. గంటకి ఐదు నిమిషాలు చేతులు కాచుకోవచ్చు. మానేసినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. నా వాక్యానికి కాదు, ఆ నీళ్ళకి.

లేఖనం తెరిచి చూడండి, నాయకులారా! గురువు శిష్యులకు ఓర్పు మీద మీటింగ్ పెట్టలేదు. తువ్వాలు కట్టుకుని, వంగి వాళ్ళ కాళ్ళు కడిగాడు. మీరు కేకు కోసి, ఫోటో దిగి, గోడకి బోర్డు తగిలిస్తే మనుషులు లేస్తారా?

ఇప్పుడు వినండి. నిన్న మధ్యాహ్నం, అక్క దేహం ఇంకా ఇంట్లో మంచం మీద ఉండగానే, ఆ వేడినీళ్ళ తొట్టి తీసేశారు.

"అది ఆమె పెట్టిన అలవాటు, కంపెనీ రూల్ కాదు" అన్నారంట మేనేజర్ గారు.

రూల్ కాదా? అయితే ఈరోజు నుంచి రూలే!

మేనేజర్ గారూ, మీరు మరిచిపోయినా మీ చెయ్యి మరిచిపోదు.

అక్కా, జీవితమంతా చల్లబడిన నీ చేతుల్ని ప్రభువు తన చేతుల్లోకి తీసుకుని కాచును గాక. నెమ్మదిగా నిద్రపో.

ఈరోజు పదకొండు గంటలకు మైపాడులో మట్టి ఇస్తాం. రెండింటికి షిఫ్ట్. అమ్మలారా, అక్కలారా, సమాధి దగ్గర నుంచి ఎవరూ ఇంటికి పోవద్దు. నేరుగా కంపెనీ గేటుకి రండి, నేనూ వస్తాను. ఆ తొట్టి తిరిగి వచ్చేదాకా ఒక్క రొయ్య కూడా ముట్టొద్దు.

రేపు కాదు. ఈరోజే.