అతుకు లేని పాట

మా పెరట్లో కొబ్బరికాయలు పోసుకునే కొట్టుకి గోడల నిండా పీచు చాపలు కొట్టి, దాన్ని స్టూడియో అన్నాడు గంగబాబు. ఓడలరేవులో చేపల వేటకెళ్ళే వాళ్ళ పిల్లాడు, ర్యాప్ పాటలు కట్టి పాడేవాడు. ర్యాప్ అంటే గబగబా మాట్లాడటమేగా, దానికింత అవస్థ దేనికిరా అనేదాన్ని. పోయిన మాఘంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

నిన్న వాడి జట్టు వచ్చింది. బీటు కట్టే దుర్గారావు, పాడే మాధవీలత కొట్టులో కూర్చుని వాణ్ణే తలుచుకున్నారు.

"మైకులో చప్పుడు పడుద్దని రోహిణి కార్తెలో కూడా ఫ్యాను ఆపించేసేవోడండి మామ్మగారూ. మా బనీన్లు పిండుకోడమే!" అన్నాడు దుర్గారావు.

"చివరి మాట తడబడితే మళ్ళీ మొదటినుంచేనండి. కంప్యూటర్లో అతికిద్దామంటే, 'వల లాగుతా మధ్యలో తాడొదిలేత్తామేటే?' అని నన్ను కేకలేసేవోడు" అంది మాధవీలత.

అసలు వాళ్ళొచ్చిన పని వేరు. ఆఖరి పాటలో చివరి చరణం సగంలో ఉండగా వాడికి ఆయాసం వచ్చి ఆగిపోయింది. పాత పాటల్లోంచి వాడి గొంతు ముక్కలు తీసి అతికించాలా, అలాగే వదలాలా అన్నది తేలక నన్నడిగారు.

"బతికుండగా వాడు ఒప్పుకోని పని పోయాక చేస్తారా? సిగ్గు లేదూ!" అన్నాను.

"పాట సగంలో ఆగిపోద్ది కదండీ?"

"ఆగనీ. వాడు ఆగిన చోటే ఆగనీ."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు దుర్గారావు. లేచి ఫ్యాను ఆపాడు. ఆ సగం చరణం కింద బీటు వాయించడానికి ఇద్దరూ కూర్చున్నారు. నేను తలుపు దగ్గరగా వేసి, మజ్జిగ కలపడానికి వెళ్ళాను.