గంధం కింది నెంబరు

సిరిగేరి నుంచి మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. మేష్ట్రు పోయారట. కూరెకుప్పలో నేను నడిపే ఫోటో స్టూడియో కంప్యూటర్‌కి విండోస్ బదులు లినక్స్ అలవాటు చేసిన మనిషి ఆయన. బడి ఉద్యోగం వదిలాక కూడా, పిలిస్తే చాలు, బస్సెక్కి వచ్చేసేవారు.

మా కంప్యూటర్లో రెండు డిస్కులను జంట కట్టింది ఆయనే. ఒకదానిలో పడిన ప్రతి ఫోటో రెండోదానిలోనూ పడుతుంది. ఒకటి చచ్చినా ఇంకొకటి నిలబడుతుంది. దాన్నే రెయిడ్ అంటారు. "ఇంక భయం లేదు మేష్ట్రూ!" అని మురిసిపోతే నా సంబరం మీద నీళ్లు చల్లారు.

"చచ్చేది డిస్కైతే భయం లేదమ్మా. చెరిపేది నువ్వైతే రెండిట్లోనూ పోతాది. ఇంకో కాపీ యాడన్నా దూరంగా పెట్టు."

ఒక ఏడు ఆయుధపూజ మరునాడే ఒక డిస్కు పోయింది. దూరపు కాపీలోకి ఇంకా ఎక్కని సిరిగేరి పెళ్లి ఫోటోలు అందులో ఉన్నాయి. పెళ్లైన వారానికే పెళ్లికూతురి తల్లి కన్నుమూసింది. ఆమె నవ్విన ఫోటోలు ఇంకెక్కడా లేవు. ఫోన్ చేస్తే మేష్ట్రు బస్సెక్కి వచ్చేశారు.

పోయిన డిస్కు నెంబరు స్క్రీన్ మీద కనిపిస్తోంది. మెషిన్ ఆపి పెట్టె తెరిస్తే ఏ డిస్కు మీదా నెంబరు కనపడలేదు! మా మరిది భక్తి ముదిరి, పూజలో పెట్టె తెరిచి మరీ, సరిగ్గా నెంబర్ల మీదే గంధం పట్టించి కుంకుమ పెట్టాడు.

"మొదటిది పెరికేద్దాం, అదే అయ్యుంటాది" అన్నాడు మరిది.

"ఊహతో పెరకద్దప్పా. పోయిందనుకోని బాగుండేదాన్ని తుడిచేస్తే ఇంగేం మిగులుతాది, నీ కుంకుమా?"

మేష్ట్రు తడిగుడ్డతో మెల్లగా రుద్దారు. రుద్దుతూనే అక్షింతలు వేశారు. "పూజ చేయి, బేడ, వద్దు అనను. దేవునికైనా నెంబరు కనపడాల కదప్పా!"

నెంబరు చూస్తే, పోయింది రెండోది.

కొత్త డిస్కును జంటలో చేర్చాక, స్క్రీన్ మీద శాతం నింపాదిగా పెరుగుతుంటే నేను కుర్చీ వదల్లేదు. "అది నింపుకుంటా ఉండాది. నీ పని నువ్వు చేసుకో పో. ముందు టీ పెట్టు" అన్నారు. ఎంత ధీమా ఆయనది! ఇప్పుడు డిస్కులు నేనే మారుస్తాను, ముందు నెంబరు చూసుకుని. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు, ఇదిగో చెబుతున్నాను.

ఆయన్ని సాగనంపడానికి ఆ పెళ్లికూతురు కూడా వచ్చింది, చంకలో కూతురితో. జనాన్ని చూసి పాప గుక్కపట్టింది. తల్లి ఫోన్ తీసి పెళ్లి ఫోటో చూపించింది.

"చూడు, అవ్వ యాడుండాది?"

పాప ఏడుపు మాని, తానెన్నడూ నేరుగా చూడని అమ్మమ్మ నవ్వు మీద వేలు పెట్టింది.