సంగటి ముద్ద మీద నాలుగు వేళ్లు

మా ఫైరింగ్ ఉస్తాద్ కంబదూరులో పోయారని పోయిన మంగళవారం నా బ్యాచ్ స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. పోలీసు ట్రైనింగులో మాకు పిస్తోలు పట్టడం నేర్పిన మనిషి ఆయన. ఉద్యోగంలో చేరాక వచ్చి కనపడతానని మాటిచ్చి, పదకొండేళ్లలో ఒక్కసారీ పోలేదు నేను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ఆయనకు మొహాలు గుర్తుండేవి కావు, చేతులు మాత్రం మరిచేవారు కాదు. కొత్త బ్యాచ్ రాగానే అందరినీ చేతులు చాపమని, ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేవారు. నా దగ్గరికొచ్చేసరికి గబుక్కున పిడికిలి ముడిచాను. ఎస్సై ట్రైనింగుకు వచ్చినదాన్నే గానీ, చెయ్యి మాత్రం ఏడో తరగతి పిల్లది.

పిస్తోలు పట్టుకుంటే నా వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందేది కాదు. ఆ మాట చెబితే ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకంటారని నోరు మెదపలేదు. చెమటకు జారుతోందని సాకు చెప్పి పిడికి చేతిరుమాలు చుట్టాను. పిడి ఇంకా లావై, మొదటి పరీక్షలో గుండ్లన్నీ ఎడమపక్కకు, మట్టికట్టలోకి పోయాయి. ఇక ఒక్క పరీక్షే మిగిలింది. అదీ తప్పితే వచ్చే బ్యాచ్‌తో మళ్లీ మొదటినుంచి. శింగనమలలో కూలికి పోయే మా అమ్మ అప్పటికే నన్ను ఎస్సైని చేసేసి ఊరంతా చెప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం మెస్‌లో ఉస్తాద్ నా ఎదురుగా కూర్చుని, చల్లారిన సంగటి ముద్ద ఒకటి నా చేతికిచ్చారు.

"పిస్తోలు పట్టినట్ల పట్టి పిసుకు పాపా."

పిసికాను. ముద్దను అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీ అమ్మ కొడవలి ఇంగొకరికిస్తాదా?"

"ఇయ్యదు సార్. ఆ పిడి ఆమె చేతికి అలవాటైపోయినాది."

"మరి నీకు ఊరందరి పిడీ ఎట్ల సరిపోతాది? చెయ్యి చిన్నదైతే తప్పేముండాది? దాచిపెట్టుకుంటాండావే, అది తప్పు."

పై అధికారి అనుమతి తీసుకుని, పిడికి రెండు పక్కలా ఉన్న లావుపాటి ప్లాస్టిక్ పలకలు విప్పేసి, వేపచెక్కతో పలచటివి చేశారు. ఆ ముద్ద పక్కన పెట్టుకుని, దాని మీది గుర్తులు చూసుకుంటూ రెండు రోజులు ఆకురాయితో రుద్దారు. పిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూపించి, నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని చెయ్యెత్తమన్నారు. కళ్లు తెరిచేసరికి గొట్టం సరిగ్గా టార్గెట్ నడుమకే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"ఇప్పుడే ఏడ్చుకో. రేపు పరీక్షలో వద్దు" అన్నారు.

గట్టెక్కాను. ఆ సాయంత్రమే పలకలు విప్పి తీసుకున్నారు.

"పిస్తోలు సర్కారుది, చెయ్యి నీది. ఇంగ యాడా దాన్ని దాచొద్దు."

ఆయన చనిపోయిన మూడోనాడు కంబదూరు పోయాను. ఆయనకు ఇష్టమని కాకులకు పెట్టే కూటికి సంగటే వండారు. ఆయన భార్య నా చేతిని పట్టుకుని కాసేపు చూసింది.

"సంగటి పిసికిన పాపవి నువ్వేనా? ఆ ముద్ద ఇంటికి తెచ్చి, రాయైపోయేదాకా కిటికీలో పెట్టుకున్నాడమ్మా."

"నువ్వూ పెట్టు" అని ఆమె నా చేతిలో ఒక ముద్ద ఉంచింది. నాకు తెలియకుండానే గట్టిగా పట్టుకున్నాను. బండ మీద పెట్టి అందరితోపాటు వెనక్కి జరిగాను. ముద్ద మీద నా నాలుగు వేళ్ల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి. కాకి వచ్చి వాలేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాను.